మడిగె పన్ను మోసిందెవరు?

మునిసిపల్ రెవెన్యూ విభాగంలో బిల్ కలెక్టరుగా చేరి, అక్కడే పదవీ విరమణ చేసినవాణ్ణి. చిల్లర వర్తకులపై పడిన ఆస్తిపన్ను చరిత్రను నాకు తెలిసినంత మేరకు ఈ ప్రత్యేక సంచికలో మనవి చేస్తున్నాను.

సూర్యాపేటకు 1952లోనే మునిసిపాలిటీ వచ్చింది. కోదాడ 2011లో నగర పంచాయతీ అయ్యింది. ఈ రెండూ హైదరాబాదు - విజయవాడ రోడ్డు మీద పెరిగిన ఊళ్లు. మిర్యాలగూడ సాగర్ ఎడమ కాలువ నీళ్లతో, బియ్యం మిల్లులతో పెరిగింది. మూడుచోట్లా బజారును నిలబెట్టింది చిన్న చిన్న మడిగెల్లోని దుకాణాలే.

1965 నాటి మునిసిపాలిటీల చట్టంలో పన్నుకు మూలం వార్షిక అద్దె విలువ. 1990 నిబంధనలతో పట్టణాన్ని జోన్లుగా విభజించి, కట్టడం రకాన్ని, వాడకాన్ని బట్టి చదరపు మీటరుకు నెలసరి అద్దె నిర్ణయించే పద్ధతి వచ్చింది. సొంత ఇంట్లో కాపురముంటే 40 శాతం తగ్గింపు. సొంత మడిగెలో కూర్చుని ఉప్పూ పప్పూ అమ్ముకునేవారికి ఆ తగ్గింపు లేదు. ఇళ్ల పన్నును 2002లో సవరించారు. 2007లో సవరించింది నివాసేతర భవనాల పన్నును మాత్రమే. ఈ లెక్కల్లో ఎక్కడా దుకాణం బేరం ఎంతన్నది రాదు. బేరం లేని రోజుకూ పన్ను ఉంటుంది.

ఆ సవరణ తరువాత నేను డిమాండు నోటీసులు పంచుతున్నాను. ఊరి పేరు అనవసరం. ఒక కిరాణా దుకాణదారు నన్ను ఆపి, "పన్ను పెరిగిందని మడిగె ఆసామి కిరాయి పెంచిండు సారూ. పెరిగింది ఎంతనో నాకు చెప్పలే. మీ రిజిస్టరుల నా పేరే లేదాయె. నేనెవరికి అర్జీ పెట్టుకోవాలె?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. రిజిస్టరులో ఉన్నది యజమాని పేరు. పన్ను ఎక్కువైందని అర్జీ పెట్టవలసినవాడు ఆయనే. భారం కిరాయిదారు మీదికి పోయాక ఆయనకు ఆ శ్రమ ఎందుకు?

2019లో తెలంగాణకు కొత్త మునిసిపల్ చట్టం వచ్చింది. కిరాణా ఆసామి ప్రశ్న మాత్రం అలాగే ఉంది. మన పెన్షనర్లలో చాలామంది ఇంటి ముందు గదిని దుకాణానికి ఇచ్చినవారమే. నేనూ ఇచ్చాను. ఏటా నోటీసు రాగానే కొలతలు సరిచూసుకుని, దాని నకలు కిరాయిదారు చేతికిచ్చి, ఆ తరువాతే కిరాయి మాట ఎత్తుతున్నాను. ఆనాడు చెప్పలేకపోయిన జవాబు నాకు చేతనైనంతలో ఇదే.