బంతి వైపు చూడకు

హ్యూస్టన్‌లో ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది, ఆఫీసులో నా పక్క సీటు పెద్దాయన ఒక ఆదివారం మధ్యాహ్నం వాళ్లింటికి మ్యాచ్ చూడ్డానికి పిలిచాడు. యాభై దాటిన మనిషి, పుట్టి పెరిగింది టెక్సస్‌లోనే. అప్పటికి అమెరికన్ ఫుట్‌బాల్ అంటే నాకు తెలిసిందల్లా హెల్మెట్లు, గుద్దుకోవడాలు, మధ్యమధ్యలో బీరు యాడ్లు. అరగంట చూసి, "నాకేం అర్థం కావట్లేదండీ" అన్నాను. ఆయన నవ్వి, "బంతి వైపు చూడకు. మధ్యలో ఆ లావాటి మనిషి ఉన్నాడే, ఆట అయ్యేదాకా వాణ్ణే చూడు" అన్నాడు.

చూశాను. ఆ మనిషి ప్రతిసారీ చెయ్యి నేలకానించి వంగేవాడు. బంతి కదలగానే ఇద్దరు మీద పడేవారు. ముగ్గురూ ఒక కుప్పగా ఒరిగేవారు. ఈలోపు వెనకనుంచి ఇంకెవడో పరిగెత్తుకొచ్చి బంతి ఉన్నవాణ్ణి పడగొట్టేవాడు. కెమెరా వాడి మీదికి పోయేది, చప్పట్లు వాడికే. లావాటి మనిషి కుప్పలోంచి మెల్లిగా లేచి, వచ్చి, మళ్లీ వంగేవాడు. మూడు గంటల్లో కామెంటేటర్ అతని పేరు రెండుసార్లు పలికాడేమో.

ఆ స్థానాన్ని నోస్ టాకిల్ అంటారు. మా పెద్దాయన హైస్కూల్లో ఆడింది కూడా అదే. ఆ రోజు నుంచి ఈ ముందువరుస చరిత్ర చదువుతూనే ఉన్నాను. చదివినకొద్దీ అది ఆట చరిత్ర కన్నా లెక్కల చరిత్రలా కనిపించింది నాకు. ఎవరి పని లెక్కలోకి వచ్చింది, ఎవరిది రాలేదు అన్న లెక్క.

ఆట తెలియనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. జట్టుకి పదకొండు మంది. బంతి తమ చేతిలో ఉన్న జట్టు ముందు ఐదుగురు భారీ మనుషుల్ని వరసగా నిలబెడుతుంది. నడిమివాడు సెంటర్, కాళ్ల మధ్యనుంచి బంతిని వెనక్కి అందించేది అతనే. ఆ ఐదుగురి మధ్యా, పక్కలా ఉండే ఖాళీలే సందులు. బంతి పట్టుకుని పరిగెత్తేవాడు ఆ సందుల్లోంచే రావాలి. అడ్డుకునే జట్టు ముందువరుస వాటిని మూయాలి. దానికి రెండు దారులు. మనిషికో సందు పంచుకుని, బంతి కదలగానే అందులోకి దూసుకుపోవడం ఒకటి. రెండోది, ఎదుటివాడి ఛాతీకి ఛాతీ ఆనించి, కదలకుండా, అతనికి అటూ ఇటూ ఉన్న రెండు సందుల్నీ ఒక్కడే కాయడం. మొదటిదానికి వేగం కావాలి, రెండోదానికి ఓర్పు. ముందు నలుగురు, వెనక ముగ్గురు లైన్‌బ్యాకర్లు ఉంటే 4-3. ముందు ముగ్గురు, వెనక నలుగురైతే 3-4.

1956లో న్యూయార్క్ జెయింట్స్ డిఫెన్స్ బాధ్యత టామ్ లాండ్రీది. 4-3 అమరికకి స్థిరమైన రూపం ఇచ్చినవాళ్లలో ముఖ్యుడు ఆయన. ఆ ఏడాదే కాలేజీ నుంచి వచ్చిన శామ్ హఫ్‌ని ముందువరుస వెనకాల, సరిగ్గా నడిమధ్య నిలబెట్టాడు. ముందున్న రోజీ గ్రియర్, డిక్ మోజెలెవ్‌స్కీల పని ఎదుటి భారీ మనుషులు హఫ్‌ని తాకకుండా చూడటం. వాళ్లు ఆపుతుంటే హఫ్ పరిగెత్తి పడగొట్టేవాడు. ఆ ఏడాది జెయింట్స్ ఛాంపియన్లయ్యారు. 1959లో టైమ్ పత్రిక ముఖచిత్రం మీద హఫ్ బొమ్మ వచ్చింది. 1960లో సీబీఎస్ వాళ్లు అతనికి మైకు తగిలించి ఒక డాక్యుమెంటరీయే తీశారు. హఫ్ గొప్ప ఆటగాడు, అందులో అనుమానం లేదు. కానీ ఆ ముఖచిత్రం వెనక గ్రియర్, మోజెలెవ్‌స్కీల వీపులు కూడా ఉన్నాయి.

గ్రియర్ 1963లో లాస్ ఏంజెలెస్ రామ్స్‌కి వెళ్లాడు. అక్కడ డీకన్ జోన్స్, మెర్లిన్ ఓల్సెన్, లమార్ లండీలతో కలిసి తయారైన వరుసే ఫియర్‌సమ్ ఫోర్‌సమ్, భయంకర చతుష్టయం. జోన్స్ కథ వేరే చెప్పాలి. ఫ్లోరిడాలోని ఈటన్‌విల్ అనే నల్లవాళ్ల ఊరివాడు. పౌరహక్కుల నిరసనలో పాల్గొన్నందుకు సౌత్ కరొలైనా స్టేట్ కాలేజీ అతని స్కాలర్‌షిప్ తీసేసింది. 1961 డ్రాఫ్టులో పద్నాలుగో రౌండు దాకా ఎవరూ ఎంచుకోలేదు. అలాంటివాడు క్వార్టర్‌బ్యాక్ బంతి విసిరేలోపే అతన్ని కూల్చడాన్ని ఒక కళ చేశాడు. దానికి 'శాక్' అన్న మాటని వ్యాప్తిలోకి తెచ్చిన ఘనత అతనికే ఇస్తారు. ఊరిమీద పడి దోచుకోవడానికి కూడా ఇంగ్లీషులో అదే మాట.

ఇక్కడో విచిత్రం ఉంది. ఆ మాట ప్రచారం చేసినవాడి ఖాతాలో అధికారికంగా ఒక్క శాక్ కూడా లేదు. ఎందుకంటే ఎన్ఎఫ్ఎల్ శాక్‌లని ఆటగాడి పేరున లెక్కపెట్టడం మొదలుపెట్టింది 1982లో. జోన్స్ 1974లోనే ఆట మానేశాడు. పాత మ్యాచ్‌ల రికార్డులు తిరగేసిన పరిశోధకుల పుణ్యమా అని, 2021లో ప్రో ఫుట్‌బాల్ రిఫరెన్స్ వెబ్‌సైటు 1960 నుంచి లెక్కలు పెట్టింది. అందులో జోన్స్‌కి 173.5. బ్రూస్ స్మిత్ 200, రెజీ వైట్ 198 తర్వాత అదే. అయినా లీగు పుస్తకంలో అతని గడి ఖాళీయే.

ఆ అర ఎక్కడిదంటారా? ఇద్దరు కలిసి కూలిస్తే చెరి సగం. బాగానే ఉంది న్యాయం. కానీ పక్కన ఇద్దరిని ఒంటిచేత్తో ఆపి దారి ఇచ్చినవాడికి ఆ సగంలో సగం కూడా రాదు. మన ప్రో కబడ్డీలోనూ అంతేగా. అందరూ మీదపడి పట్టినా టాకిల్ పాయింటు ఒక్కడి పేరునే పడుతుంది.

నేనుండే ఊరిలోనే ఆడిన కర్లీ కల్ప్ సంగతి చదివాక ఈ విషయం నన్ను వదల్లేదు. కల్ప్ అసలు మల్లయోధుడు. 1967లో అమెరికా కాలేజీల హెవీవెయిట్ కుస్తీ విజేత. 1970 జనవరిలో జరిగిన నాలుగో సూపర్ బౌల్‌లో కాన్సస్ సిటీ చీఫ్స్ అతన్ని మినెసోటా సెంటర్ మిక్ టింగెల్‌హాఫ్ ముక్కుకి ఎదురుగా నిలబెట్టారు. బరువులో తేలికైన ఆ సెంటర్‌కి ఊపిరాడలేదు. చీఫ్స్ 23-7తో గెలిచారు. 1974లో కల్ప్ హ్యూస్టన్ ఆయిలర్స్‌కి మారాడు. అక్కడ డిఫెన్స్ చూస్తున్న బమ్ ఫిలిప్స్ అతన్ని నడిమధ్య పెట్టి 3-4 నడిపాడు. ముగ్గురితో వరుస కట్టాలంటే, ఇద్దరి పని చేసే ఒక్కడు మధ్యలో ఉండాలి. ఉన్నాడు. అప్పటికి ఆరు ఆటల్లో ఒకటే గెలిచిన జట్టు ఆ సీజన్‌ని 7-7తో ముగించింది.

ఈ 3-4లోనే 1981లో న్యూయార్క్ నుంచి లారెన్స్ టేలర్ వచ్చాడు. అంచున నిలబడి క్వార్టర్‌బ్యాక్ మీదికి ఉరికే లైన్‌బ్యాకర్. మరుసటేడు శాక్‌ల లెక్క మొదలైంది. ఇక పేరు, డబ్బు అంచున ఉన్నవాళ్ల వైపు జరిగాయి. టేలర్ 1993లో మానేసి, అర్హత రాగానే 1999లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు. కల్ప్ 1981లో మానేశాడు. అతన్ని పిలిచింది 2013లో. పిట్స్‌బర్గ్ స్టీలర్స్ మధ్యలో 2001 నుంచి పన్నెండు సీజన్లు నిలబడ్డ కేసీ హాంప్టన్‌కి మొత్తం జీవితంలో శాక్‌లు రెండంకెలకి చేరలేదు. అతను ముందు నిలబడ్డ 2008లో, వెనక అంచున ఆడిన జేమ్స్ హారిసన్‌కి ఒక్క సీజన్లో 16 వచ్చాయి. ఆ ఏటి ఉత్తమ డిఫెన్స్ ఆటగాడూ అతనే.

లెక్కకి రానివి మంచి పనులే కాదు, దెబ్బలు కూడా. జోన్స్ ఆయుధం అరచేత్తో ఎదుటివాడి హెల్మెట్ పక్కన చరచడం. వాడు కళ్లు మూసి తెరిచేలోగా దాటిపోయేవాడు. లీగు 1977లో దాన్ని నిషేధించింది. కానీ తలలు తగలడం ఎక్కడ ఆగింది? సెంటర్, నోస్ టాకిల్ ఒక మ్యాచ్‌లో సుమారు అరవైసార్లు ఢీకొంటారు. పిట్స్‌బర్గ్‌కి నాలుగు సూపర్ బౌల్‌లు గెలిపించిన సెంటర్ మైక్ వెబ్‌స్టర్ మతి చెదిరి, ఇల్లూ వాకిలీ లేక తిరిగి, 2002లో యాభై ఏళ్లకే పోయాడు. శవపరీక్ష చేసిన నైజీరియా డాక్టర్ బెనెట్ ఒమాలు అతని మెదడులో సీటీఈ అనే జబ్బుని గుర్తించి 2005లో ప్రచురించాడు. ఎన్ఎఫ్ఎల్ ఆటగాడిలో అది బయటపడటం అదే మొదలు. ఆ తలకి తగిలిన దెబ్బలెన్నో ఏ స్కోరు కాగితం మీదా లేదు.

ఇప్పుడు ఆటగాళ్ల భుజాల ప్యాడ్లలో చిప్పులున్నాయి. ఎవడి మీద ఇద్దరు పడ్డారో, ఎన్నిసార్లు పడ్డారో లెక్కేస్తున్నారు. మంచిదే. అయినా ఒక పని ముందునుంచీ ఉండి, దాన్ని కొలిచే సాధనం వచ్చాకే దానికి విలువ రావడం నాకు కొంచెం భయంగానే ఉంటుంది. ఆఫీసులో ప్రతి ఏటా అప్రైజల్ ఫారం నింపేటప్పుడు మరీను.

ఈ మధ్య మళ్లీ పెద్దాయన ఇంటికి వెళ్లాను. మోకాలి ఆపరేషన్ అయి సోఫాలో కాలు చాపుకుని ఉన్నాడు. "హైస్కూల్లో మీరు మొత్తం ఎంతమందిని పడగొట్టారండీ?" అని అడిగాను. కాసేపు ఆలోచించి, "ఎవరూ రాయలేదు" అన్నాడు. "నా వెనక ఆడినవాడికి మాత్రం కాలేజీ స్కాలర్‌షిప్ వచ్చింది. ఇప్పటికీ ప్రతి థాంక్స్‌గివింగ్‌కి ఫోన్ చేస్తాడు."

టీవీలో ఆట మొదలైంది. ఇద్దరం మధ్యలోకి చూస్తూ కూర్చున్నాం.