బ్రేకు పెడలు నుంచి హెచ్చరిక దీపం దాకా

మనలో చాలామందికి ఆఫీసు బండి అంటే అంబాసిడరే. 2014లో దాని తయారీ ఆగింది. నల్లజర్లలోనైనా కొల్లేటి గట్టునైనా పాత బండి కొనేముందు పెడలు నొక్కిపట్టి చూసేవారు. మెల్లగా కిందికి దిగితే ఆయిలు కారుతున్నట్టు, లేదా మాస్టర్ సిలిండర్ కిట్టు పోయినట్టు. బండి ఒక పక్కకు లాగితే ఎదుటి పక్క డ్రమ్ము విప్పేవారు. వరద నీళ్లలో తడిసిన డ్రమ్ములు పట్టవు. బ్రేకు తొక్కుతూ నడిపి ఆరబెట్టుకోవాల్సిందే.

1978లో బాష్ కంపెనీ ఏబీఎస్ తెచ్చింది. మన దేశంలో 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లకు అది తప్పనిసరి. ట్రాక్షన్ కంట్రోలు కూడా అవే చక్రాల సెన్సార్లను నమ్ముకుంటుంది కనుక, ఒక్కదానికి బురద పట్టినా రెండు దీపాలూ వెలగవచ్చు. పింఛను డబ్బు పెట్టేవారు తాళం తిప్పి చూడండి: దీపం వెలిగి ఆరాలి. అసలు వెలగలేదా, లోపం దాచడానికి దాన్ని పీకేసి ఉండవచ్చు (అమ్మేవారు చెప్పరు లెండి).