గుగ్గిలము

ఆమదాలవలసలో ధూపమునకై నిప్పులపై చల్లు గుగ్గిలమునకును, ఆయుర్వేదవైద్యులు యోగరాజగుగ్గులువున వాడు గుగ్గులువునకును పేరు ఒక్కటియే గాని పుట్టువు వేఱు. గుగ్గులువు రాజస్థాన ఘూర్జరదేశముల మరుభూములలో పెరుగు ముండ్లపొద స్రవించు జిగురు. ఆ సంస్కృతశబ్దమే తెలుగున గుగ్గిలమై స్థిరపడినది. ఉత్తరాంధ్రపు కొండలలోనున్నదో, సాలవృక్షము. దాని నిర్యాసమును సంస్కృతమున రాళమనియు సర్జరసమనియు వ్యవహరింపగా, మనవారు దానికిని గుగ్గిలమను పేరే యిడి, తుదకు చెట్టునే గుగ్గిలపుచెట్టనిరి. నిఘంటుకర్తలు ఈ రెంటిని విడదీసి చూపుట అత్యావశ్యకము.

ఈ మహావృక్షమునకు శాస్త్రజ్ఞులు పెట్టిన షోరియా యను నామము, 1793 నుండి 1798 వఱకు గవర్నరు జనరలుగా నుండిన సర్ జాన్ షోరుది. బెరడు గాయపడినచోట తెల్లగా నూరిన రసము ఎండినకొలది గోధుమవర్ణము దాల్చి, పెళుసైన ముద్దలుగా గట్టిపడును. దానిని నూనెతో కాచి పడవల సందులు పూడ్చుట పూర్వాచారము. కెనడాదేశపు బాల్సం ఫిర్ వృక్షము బెరడు బొబ్బలలో దాచు రసము ఇంచుమించు గాజువలెనే కాంతిని వంచుటచే, సూక్ష్మదర్శినిపలకల నతుకుటకు చిరకాలము వినియోగపడినది; మన గుగ్గిలమున కట్టి నైర్మల్యము లేదు.

అయినను దీని ప్రతాపము భాషలో నిలిచినది. చిటికెడు చల్లిన మెల్లగా పొగయునదే, మండు నిప్పులపై గుప్పెడు పడినంతనే కరగి భగ్గున జ్వాలయెత్తును. కోపమున నొక్కసారిగా మండిపడినవానిని మన పెద్దలు అగ్గిమీద గుగ్గిలమైనాడనుట ఇందువలననే.