మొండి క్రిమి, దుమ్ము ఊపిరి

ఇల్లెందు దగ్గర 1871లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ బొగ్గు జాడ పట్టాడు. 1889లో తవ్వకం మొదలైంది. రాబర్ట్ కోఖ్ క్షయ క్రిమిని చూపించి అప్పటికి ఏడేళ్లే. దానికి మందు స్ట్రెప్టోమైసిన్ దొరికింది 1943లో. అంటే ఈ సింగరేణి గనుల్లో తొలి తరాల కార్మికులది మందులేని క్షయ. 1960ల్లో గోదావరిఖని బొగ్గు బావులు నడిచే నాటికి మందూ ఉంది, దాన్ని లెక్కచేయని క్రిమీ ఉంది. 1948లో వెలువడిన బ్రిటిష్ పరిశోధనలోనే స్ట్రెప్టోమైసిన్ ఒక్కటే వాడిన చాలామందిలో కొన్ని నెలలకే అది పనిచేయకుండా పోయింది. పుండుపడిన ఊపిరితిత్తిలో కోట్ల క్రిములుంటాయి, వాటిలో జన్యువు మారినవి కొన్ని ముందే ఉంటాయి. మందు మిగతావాటిని చంపితే ఇవి చోటు ఆక్రమిస్తాయి. రెండు మూడు మందులు కలిపి ఇవ్వడం అందుకే. ఇంట్లో ఉండి వాడినా శానటోరియంలో వాడినంత గుణం వస్తుందని 1956లో మద్రాసులో మొదలైన అధ్యయనం తేల్చాక, కోర్సు పూర్తి చేయించే బరువు ఆసుపత్రి గోడలు దాటి ఇంటిదాకా వచ్చింది.

మందుకు లొంగని క్రిమి అంటే మరింత క్రూరమైనదని చాలామంది అనుకుంటారు. మొండితనం వేరు, రోగతీవ్రత వేరు. క్షయ మందు రిఫాంపిసిన్‌ను తట్టుకునే మార్పు వచ్చిన క్రిమి చాలాసార్లు మొదట నెమ్మదిగా పెరుగుతుంది. మరో మార్పుతో ఆ లోటు పూడ్చుకునేవీ ఉన్నాయి. అయితే బలహీనమైన క్రిమికి కూడా దారిచ్చే ఊపిరి ఒకటుంది. రాయి తొలిచినప్పుడు, ఓపెన్‌కాస్టులో బొగ్గు మీదున్న ఇసుకరాయి పొరను (ఓబీ) పేల్చి ఎత్తినప్పుడు లేచే సిలికా దుమ్ము, క్రిములను మింగే కాపలా కణాలనే చంపుతుంది. అక్కడ క్రిమికి పెద్ద బలం అక్కర్లేదు. ఈ ప్రాంతంలో మొండి క్షయను మందుల చరిత్రగానే చదివితే సగమే చదివినట్టని నా వాదన.

మాత్రలు మధ్యలో ఆపేసిన మనిషిదే తప్పంటారు. కొంత నిజమే, నాలుగు రోజుల మాత్రలు చేతిలో పెట్టి పంపే ఆర్‌ఎంపీనీ, చీటీ లేకుండా అమ్మే మెడికల్ షాపునూ లెక్కలో వేసుకోవాలి. కానీ మొండి క్రిమి దగ్గు తుంపరతోనూ పక్కవాడికి అంటుతుంది. ఒక్క మాత్రా మింగని మనిషికీ మొదటినుంచే లొంగని క్షయ రావచ్చు. అతను ఏ కోర్సు ఆపినట్టు? ఇక దుమ్ము విషయానికొస్తే, బొగ్గులో సిలికా తక్కువేగా అన్న మాటకు జవాబు పైకప్పు రాతిలో, ఓబీ కుప్పల్లో ఉంది.

2012 నుంచి క్షయ రోగిని ప్రభుత్వానికి తెలియజేయడం తప్పనిసరి. సిలికా దుమ్ముతో వచ్చే సిలికోసిస్ కూడా చట్టం ప్రకారం ప్రకటిత వ్యాధి. సిలికా దుమ్ములో పనిచేసేవారినీ, పని మానేసినవారినీ క్రమం తప్పకుండా క్షయకు పరీక్షించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు. రామగుండం గనుల్లో దాన్ని పాటించదలిస్తే పర్మనెంటు కార్మికుడితో ఆగకూడదు. ఓబీ కాంట్రాక్టు కార్మికుడి కఫం కూడా రిఫాంపిసిన్ పరీక్షకు వెళ్లాలి.