ముఖాన సంచీ, చేతిలో టికెట్

సరుకులు వేసిచ్చే గోధుమరంగు కాగితపు సంచీ. కళ్ల దగ్గర రెండు కంతలు కోసి, నెత్తిన బోర్లించుకుంటే మెడ దాకా దిగుతుంది. 1980లో న్యూ ఆర్లీన్స్‌లోని సూపర్‌డోమ్ గ్యాలరీల్లో ఇలాంటి తలకాయలు వరసకట్టి కూర్చునేవి. సొంత జట్టు ఆట చూడ్డానికి డబ్బు పెట్టి టికెట్ కొని, వచ్చినట్టు ఎవరికీ తెలియకూడదని ముఖం దాచుకోవడం!

ఆ జట్టు పేరు సెయింట్స్. ఆట అమెరికన్ ఫుట్‌బాల్. 1967లో తమ మొట్టమొదటి మ్యాచ్‌లో, మొట్టమొదటి కిక్‌నే అందుకుని జాన్ గిలియం 94 గజాలు పరిగెత్తి టచ్‌డౌన్ చేశాడు. అంత శుభారంభం జరిగీ ఆ మ్యాచ్ ఓడారు. తర్వాత వరసగా 20 సీజన్లు గడిచినా, ఓటముల కంటే గెలుపులు ఎక్కువైన ఏడాది ఒక్కటీ లేదు. (క్రికెట్ ఐపీఎల్‌లో మన దక్కన్ చార్జర్స్ 2008లో అట్టడుగున ఉండి 2009లో కప్పు కొట్టేసింది. మనకు సంచులు వెతుక్కునే తీరిక చిక్కలేదు.)

1980 మరీ ఘోరం. మొదటి 14 మ్యాచ్‌లూ పోయాయి. డిసెంబర్ 7న శాన్‌ఫ్రాన్సిస్కో మీద సగం ఆటకి 35-7 ఆధిక్యం. ఇంకేం, బోణీ అయిందనుకున్నారు. రెండో సగంలో ప్రత్యర్థి క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి దాడిని నడిపేవాడు) జో మోంటానా లెక్క సరిచేశాడు, అదనపు సమయంలో 38-35తో నోటి దాకా వచ్చిన ముద్ద జారిపోయింది. మరుసటి వారం న్యూయార్క్ జెట్స్ మీద ఒక్కటంటే ఒక్క పాయింట్ తేడాతో గెలిచారు. సీజన్ మొత్తానికి దక్కింది ఆ ఒక్కటే.

సంచుల సరదాను ఊరంతా పాకించినవాడిగా స్థానిక క్రీడా వ్యాఖ్యాత బడ్డీ డిలిబెర్టోను చెబుతారు. జట్టు పేరులో మొదటి అక్షరం కొట్టేసి ‘ఎయింట్స్’ అని సంచుల మీద రాసుకునేవారు. దీన్ని ద్రోహం అన్నవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. నిజంగా విసుగెత్తినవాడు ఇంట్లో పడుకుంటాడు. సంచీకి కంతలు కోసుకుంటూ కూర్చోడు. పైగా ఏటా మార్డీ గ్రా పండక్కి ముసుగులు వేసుకుని ఊరేగే ఊరికి ఇదేమంత కొత్త వేషం?

సెయింట్స్ ఎప్పటికైనా లీగ్ ఫైనల్ సూపర్ బౌల్‌కి వెళ్తే గౌను వేసుకుని వీధుల్లో తిరుగుతానని బడ్డీ ఒట్టేశాడు. 2005లో కన్నుమూశాడు. అదే ఏడాది కత్రినా తుపాను ఊరిని ముంచేసింది. నవ్విన నాపచేనే పండిందన్నట్టు, 2010 జనవరిలో సెయింట్స్ ఫైనల్ చేరింది. పాత ఆటగాడు బాబీ హీబర్ట్ ముందు నడవగా, మగవాళ్లు గుంపులు గుంపులుగా గౌన్లు తొడుక్కుని ఊరేగి బడ్డీ మాట నిలబెట్టారు. ఫిబ్రవరి 7న సెయింట్స్ 31-17తో కప్పు గెలిచింది.

సంచుల ఏడాది సెయింట్స్ క్వార్టర్‌బ్యాక్ ఆర్చీ మానింగ్. పదేళ్లకు పైగా ఆ జట్టు ఓటములు మోసినవాడు. ఫైనల్లో సెయింట్స్ చేతిలో ఓడిన కోల్ట్స్ క్వార్టర్‌బ్యాక్ పేటన్ మానింగ్, ఆర్చీ కొడుకు.