వీధిబడి: ఊరు పోషించిన చదువు



నేటి నా ప్రసంగమునకు విషయము వీధిబడి. ఒక యింటి యరుగు, లేదా గుడి మండపము, కాకున్న నొక రావిచెట్టు నీడ. అచ్చట నొక పంతులు, పది పండ్రెండుగురు పిల్లలు. ఇంతియే బడి. దీనిని గూర్చి మనలో రెండు మాటలు వాడుకలో నున్నవి. దొరలు వచ్చువరకు మనకు చదువే లేదనువారు కొందరు. మన పూర్వపు చదువులో లోపమే లేదనువారు మరికొందరు. బడిలో పాఠము చెప్పియే తల నెరసినవాడను గనుక, ఈ రెండు మాటలను నేను పాత లెక్కలతో సరిచూచితిని. రెండును నిలువలేదు.

ఆ లెక్కలు మనకు దొరకుటకు కారకుడు సర్ తామస్ మన్రో. 1800 మొదలు 1807 వరకు మన దత్తమండలములలో కలెక్టరుగా నుండి, తరువాత చెన్నపట్టణమునకు గవర్నరైనవాడు. ఆయన 1822 జూన్ 25వ తేదీన, మీ మీ జిల్లాలలో నెన్ని బడులున్నవి, ఎందరు చదువుచున్నారు, వ్రాసి పంపుడని కలెక్టర్లకు ఉత్తరువు చేసెను. సమాధానములన్నియు చేరిన పిదప 1826 మార్చి 10న లెక్క తేల్చెను. 1,28,50,941 జనమునకు 12,498 బడులు. అనగా సుమారు వేయిమందికి ఒకటి. ఇండ్లలో చదువుకొనువారిని గూడ కలుపుకొన్నచో, బడియీడు మగపిల్లలలో మూడవవంతునకు దాపుగా చదువు అబ్బుచున్నదని ఆయన అంచనా వేసెను.

ఆ సమాధానములలో మనకు మిక్కిలి పనికివచ్చునది బళ్లారి కలెక్టరు ఏ.డి. క్యాంబెల్ 1823 ఆగస్టు 17న పంపినది. ఈయన 1816లో తెలుగు వ్యాకరణము నచ్చువేయించిన పండితుడు. కావున చూచినదానిని పోల్చుకొనగలవాడు. ఆనాటి బళ్లారి జిల్లాలో ఆదవానియు, నేటి అనంతపురపు సీమయు చేరియుండెను. అందు 533 బడులు, 6,641 మంది విద్యార్థులు. తెలుగు చెప్పు బడులు 226, కన్నడము చెప్పునవి 235, ఇంగ్లీషు చెప్పునది ఒక్కటి.

అయిదవ యేట పిల్లవానిని బడిలో వేయుదురు. పంతులును తక్కిన పిల్లలును వాని యింటికి వచ్చి వినాయకుని చుట్టు కూర్చుండగా, బియ్యములో వాని వ్రేలు పట్టి తొలి యక్షరములు దిద్దించుదురు. తరువాత ఇసుకలో వ్రేలితో వ్రాత. చేయి కుదిరిన పిమ్మట తాటాకుమీద గంటము, లేదా కడితముమీద బలపము. కడితమన మీలో కొందరు చూచియుందురు: గుడ్డకు జిగురును బొగ్గుపొడిని పట్టించి, ఆరబెట్టి, మడతలు పెట్టినది. వ్రాసి, తుడిచి, మరల వ్రాయవచ్చును. ఇందు అంగడికి పోయి కొనవలసినది మిక్కిలి తక్కువ. ఇసుక యేటిది, ఆకు చెట్టుది, అరుగు ఊరిది. అందువలననే బీదవాని బిడ్డకు పలకా పుస్తకములు లేవన్న సాకు లేకపోయెను.

ఒక్క పంతులు అందరికి పాఠము చెప్పుటెట్లు? పెద్దపిల్లలు చిన్నపిల్లలకు చెప్పుదురు. 1623లో కన్నడదేశపు ఇక్కేరికి వచ్చిన ఇటలీ యాత్రికుడు పియెత్రో దెల్లా వల్లె ఒక గుడి మండపములో నలుగురు బాలురను చూచెను. వారు ఇసుక పరచుకొని, రాగము తీయుచు లెక్కలు వ్రాసికొనుచున్నారు. గురువు దగ్గర లేడు. తప్పు దిద్దువారెవరని ఆయన యడుగగా, నలుగురమును ఒక్కసారిగా మరచిపోము గదా యని భావము వచ్చునట్లు బదులు చెప్పిరట. 1789లో చెన్నపట్టణపు ఎగ్మూరులో అనాథ బాలుర శాలకు అధిపతియైన ఆండ్రూ బెల్ ఈ పద్ధతినే తన శాలలో ప్రవేశపెట్టి, 1797లో దానిని గూర్చి లండనులో పుస్తకము ప్రకటించెను. అటుపిమ్మట ఇంగ్లండులోని బీదల బడులలో అది వ్యాపించెను. మన యరుగు మీది పద్ధతి ఓడ యెక్కి పోయినదన్నమాట.

ఇక రెండవ పక్షము. ఆ 6,641 మందిలో హిందువుల బాలికలు కేవలము అరువదిమంది. ఊరి చివర నుంచబడిన వారి బిడ్డలకు పలుచోట్ల అరుగెక్కుటకే చోటు లేకపోయెను. మొదట వచ్చినవాని అరచేతిలో సరస్వతి పేరు, రెండవవానికి సున్న, మూడవవానికి ఒక దెబ్బ, ఆపై వచ్చినవారికి ఒక్కొక్కటి యెక్కువ. సోమరియైనచో కోదండము, గుంజీళ్లు. అన్నిటికంటె పెద్ద లోపము, పద్యములు కంఠస్థము చేసినవానికి వాని యర్థము తెలియకుండుట. క్యాంబెల్ దీనిని స్పష్టముగా వ్రాసెను. సంప్రదాయ పాఠము చదివిన నేనును అది నిజమేయందును.

పెద్దల జ్ఞానమును ఎట్లు గ్రహింపవలెనో తెలుపు చిన్న దృష్టాంతము ఆ నివేదికలోనే కలదు. పిల్లలు ఒకప్పుడు ఈశ్వరి యాకులమీద గూడ వ్రాయుదురని క్యాంబెల్ చెప్పెను. ఈశ్వరి పాముకాటుకు మందని మన పల్లెలలో వాడుక. ఆనాడు వైద్యము గూడ గురువుల యిండ్లనే నేర్చుకొనెడివారు. మలబారు లెక్కలో అట్టివారు 194 మంది కనబడుదురు. అయితే ఈశ్వరి జాతి మొక్కలలోని ఒక ఆమ్లము మూత్రపిండములను చెరచునని నేటి వైద్యశాస్త్రము రుజువు చేసినది. ఆకును గుర్తుపట్టుట విద్యయే. దాని గుణమును పరీక్షించుటయు విద్యయే. మొదటిది తాతలు మనకిచ్చిరి. రెండవదానిని మనము చేర్చుకొనవలెను.

మరి ఆ బడులు ఏల పోయినవి? పద్ధతి చెడి కాదు, పోషణ చెడి. సీమ నూలుగుడ్డలు వచ్చి మగ్గములు మూలపడినవి. పంతులుకు పావలా ఇయ్యగల యిండ్లు తగ్గినవి. జిల్లాలోని 533 బడులలో ఒక్కదానికైనను సర్కారు సాయము లేదని ఆ కలెక్టరే సిగ్గుపడుచు వ్రాసెను. 1931 అక్టోబరులో లండనులో మహాత్మాగాంధి ఈ చదువును వేరు త్రవ్వి వదలివేయగా ఎండిన చెట్టుతో పోల్చెను. 1983లో ధరంపాల్ ఈ పాత నివేదికలన్నిటిని ఒక గ్రంథముగా వెలువరించెను.

నేడు తాటాకును, కోదండమును మరల తెమ్మనుట నా యభిమతము కాదు. తేదగినది ఒక్కటి: బడి మనదను తలంపు. ఆనాడు పంతులు తిండి ఊరి పూచీ. పిల్లవాడు రాకున్న అడుగునది ఊరు. నేడు పల్లె బడికి జీతమును పుస్తకములును సర్కారు ఇచ్చుచున్నది. తలుపు తీసిరా లేదాయని చూచునదెవరు? 2009 నాటి విద్యాహక్కు చట్టము సర్కారు బడులకు యాజమాన్య సంఘము నేర్పరచి, అందు మూడువంతులు తలిదండ్రులును, సగము స్త్రీలును ఉండవలెనన్నది. అరువదిమంది బాలికల నాటి లోపమును దిద్దు ఏర్పాటిది. కాని కాగితముమీద సంతకములతోనే అది ముగియుట తగదు. ఆ సంఘము కూడునాడు మీ యింటి కోడండ్రను, కూతుండ్రను పంపుడు. మీరును పోయి కూర్చుండుడు. మీకు తెలిసిన చెట్టు పేరో, మగ్గపు లెక్కయో, విత్తనపు గుణమో పిల్లలకు చెప్పుడు. వారు ఎదురు ప్రశ్న వేసినచో సంతోషింపుడు.

ఇదియే మీకు నా మనవి. సెలవు.