సాలార్ జంగ్ ఎవరి పక్షం?



డిగ్రీ చరిత్రలో సాలార్ జంగ్ సంస్కరణలు అని పెద్ద ప్రశ్న వస్తాది. ప్రొద్దుటూరు హాస్టల్లో మేమంతా దాన్ని బట్టీ పట్టినోళ్లమే. మొన్న రాత్రి జమ్మలమడుగు తమ్ముడొకడు అడిగినాడు: "అన్నా, 1857లో ఆయన ఎవరి పక్కనుండె?" ఎవరికీ జవాబు రాలేదు. అందుకే చదివి ఇది రాస్తాన్నాం.

ముందు మన సంగతి. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల అన్నీ ఒకప్పుడు నిజాం కిందివే. కంపెనీ సైన్యం ఖర్చు కింద 1800లో నిజాం ఈ సీమను ఇంగ్లీషోళ్లకు రాసిచ్చినాడు. 1928లో రాయలసీమ అని పేరు పెట్టుకునేదాకా మనం దత్తమండలమే. ఇచ్చేటప్పుడు మనల్నెవరూ అడగలేదు.

1853లో మళ్లీ అదే కథ. సైన్యం బాకీ కింద బేరార్, రాయచూరు, నల్‌దుర్గ్ ప్రాంతాలు ఇంగ్లీషోళ్ల చేతికి పోయినాయి. బేరార్ అంటే మన ప్రొద్దుటూరు మాదిరే పత్తి పండే నల్లరేగడి. ఆ ఒప్పందమైన కొద్ది రోజులకే 24 ఏళ్ల మీర్ తురాబ్ అలీ ఖాన్, అంటే మొదటి సాలార్ జంగ్, దివాన్ అయినాడు.

1857 జులై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ రొహిల్లాలతో కలిసి హైదరాబాద్ రెసిడెన్సీ మీద పడినారు. దివాన్ మాత్రం రెసిడెంట్ పక్కనే నిలబడినాడు. దాడి విఫలమైంది. అల్లావుద్దీన్‌ను అండమాన్ పంపినారు. తుర్రేబాజ్ ఖాన్‌ను 1859లో చంపినారు. అదే ఏడు దివాన్ మీద కాల్పులు జరిగితే తప్పించుకున్నాడు.

అదే రాజ్యంలో నిర్మల్ దిక్కు గోండు నాయకుడు రాంజీ గోండు కూడా రొహిల్లాలతో కలిసి పోరాడినాడు. 1860లో ఆయన్ను ఉరి తీసినారు. ఒకే మర్రికి వెయ్యిమందిని వేలాడదీసినారని జనం ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఆ 1860లోనే ఇంగ్లీషోళ్లు నిజాంకు రాయచూరు, నల్‌దుర్గ్ తిరిగిచ్చినారు. 50 లక్షల బాకీ కొట్టేసినారు. బేరార్ మాత్రం ఇయ్యలేదు. దానికోసం సాలార్ జంగ్ 1876లో లండన్ దాకా పోయినాడు. 1883లో చనిపోయేదాకా అది చేతికి రాలేదు.

ఆయన్ను ద్రోహి అనేది సులభం. తిరగబడితే రాజ్యమే పోతాదని భయపడినాడేమో. ఆ భయం ఉత్తది కాదు, అవధ్ అప్పటికే పోయింది. కానీ ఆయన కాపాడిన రాజ్యంలో రాంజీ గోండుకు చోటు లేకపోయె. మాకు తేలింది ఇదే.

ఈసారి పరీక్షలో సంస్కరణలన్నీ రాసి, చివర రాంజీ గోండు పేరు కూడా రాయాలనుకున్నాం. మార్కులు పడకపోయినా సరే. మీ తండాలో, మీ కాలనీలో పెద్దోళ్లు ఆ కాలం గురించి చెప్పిన మాట ఏదన్నా ఉంటే ఇక్కడ రాయండి. వాళ్లు ఉండంగానే అడగండి.